నాలుగో సరఫరాదారు

పదిహేడో రోజు గుడ్డును తాయారు దీపానికి ఎదురుగా పట్టుకుంది. లోపల నల్లటి ముద్ద కదిలింది. దాన్ని ట్రేలో పెట్టి ఇంకోటి తీసింది. గోడమీది మాట్లాడే యంత్రం, వరణి, చదవడం ఆపలేదు.

"కరెంటు సరఫరాదారు ఎంపికకు ఇంకా రెండు గంటల యాభై నిమిషాలండి. ఇప్పటి కంపెనీ నీలధారతో ఒప్పందం మధ్యాహ్నం పన్నెండుకు ముగుస్తుంది. ఎంపిక చెయ్యని వ్యాపారాన్ని మండల పీఠం తనకు తోచిన సరఫరాదారుకు అప్పగిస్తుంది."

"తెలుసులే. పొద్దుట్నుంచి ఏడోసారి."

"ఎనిమిదోసారండి."

అనపర్తిలోని ఆ పొదుగుశాలకు వరణిని తగిలించి మూడేళ్లయింది. మాట మర్యాద గోదావరి జిల్లాది. మనసు మటుకు కరెంటు పెత్తనం చేసే మండల పీఠానిది.

మొదటి గదిలో ఐదు రోజుల గుడ్లు పన్నెండు వేలు. వాటిని వెచ్చగా ఉంచాలి. రెండో గదిలో పదిహేడు రోజులవి మరో పన్నెండు వేలు. లోపలి పిల్లల ఒంటివేడి ఎక్కువై వాటిని చల్లార్చాలి. ఈ శీతాకాలంలో ఇప్పటికే రెండు విడతలు పోయాయి. మూడోది కూడా పోతే పీఠం తలుపుకు ముద్ర వేస్తుంది. తాయారు చేతిలోని గుడ్డును ట్రేలో పెట్టింది.

"పూర్వా కంపెనీ వాళ్లనైతే?" అని అడిగింది.

"తీగ మార్చడానికి ఏడు గంటలు కరెంటు ఖాళీ ఉంటుందండి."

"చిన్నవి చచ్చిపోతాయి. స్థిర?"

"ఖాళీ లేదండి. కానీ ఉష్ణహస్తం, అంటే వేడి పెంచే దించే అధికారం, వాళ్లకివ్వాలి. రద్దీవేళ ఎంత వేడి ఉంచాలన్నది వాళ్లిష్టం."

పోయిన నెల పక్క ఊరి పొదుగుశాలలో ఆ హస్తం సాయంత్రంపూట నాలుగు డిగ్రీలు దించింది. ఒక్క పిల్లా పెంకు దాటలేదు. స్థిర వాళ్ల కాగితంలో అంగీకారయోగ్య నష్టం అని రాశారు. ఎవరు అంగీకరించారో రాయలేదు.

"నీలధారనే ఉంచితే?"

"ఇకమీదట ఎంపిక హక్కు వదులుకున్నట్టు వేలిముద్ర వెయ్యాలండి."

"కరెంటు ఒప్పందమా, పెళ్లా?" అంది నూకాలు, గుమ్మంలోంచి. ఆ శాలలో ఇరవయ్యేళ్లుగా ట్రేలు తిప్పుతున్న మనిషి.

"నా సిఫార్సు స్థిర అండి," అంది వరణి.

"నీకేం, పెట్టేదానివా పొదిగేదానివా!" నూకాలు తాయారు వైపు తిరిగింది. "అమ్మాయిగోరూ, నాకో సంగతి అర్థమవదండి. అవేమో కాగిపోతన్నాయని ఆ గదిలో కరెంటు. ఇయ్యేమో చల్లబడిపోతన్నాయని ఈ గదిలో కరెంటు. మీ అత్తగారి చెక్క బీరువాలో పెద్దయ్యీ చిన్నయ్యీ కలిపే పెట్టేవోళ్లం కదండీ?"

"అప్పుడు వందలు, నూకాలత్తా. ఇప్పుడు వేలు."

"వేడి కూడా వేలల్లోనే ఉంటది కదండీ."

తాయారు గడియారం చూసింది. తొమ్మిదీ ఇరవై. పెద్దవాటి వేడి చిన్నవాటికి సరిపోతే సరి, తప్పితే రెండు విడతలూ ఒకేసారి పోతాయి.

"పట్టు," అంది.

ఒకే గదిలో ఒక వరస పెద్దవి, ఒక వరస చిన్నవి. ఇద్దరూ మాట్లాడకుండా బళ్లు తోశారు. పది దాటాక తాయారు హీటర్లూ చల్లార్చే యంత్రమూ ఆపేసింది. పైకప్పు మీది సౌర పలకలతో నడిచే చిన్న పంకాలూ దీపమూ వరణీ మాత్రం పనిచేస్తున్నాయి. ఆ పలకల సత్తువ అంతవరకే.

వేడి చూపే అంకె ముప్పై ఏడూ ఆరు డిగ్రీలు. ముప్పై ఏడూ ఒకటి. ముప్పై ఆరూ ఎనిమిది.

"ప్రమాద సూచనండి," అంది వరణి.

నూకాలు కొంగు నోట్లో కుక్కుకుంది. తాయారు వేలు హీటరు మీట మీదే ఉంది. నొక్కితే ఈ పూటకు సరే. పన్నెండు తరవాత ఆ మీట ఎవరిదో? వేలు తీసేసింది.

ముప్పై ఆరూ ఎనిమిది. ముప్పై ఆరూ ఎనిమిది. ముప్పై ఏడు.

పదకొండుంబావుకు ముప్పై ఏడూ ఆరు దగ్గర అంకె నిలబడింది. పన్నెండుకు రెండు నిమిషాలుండగా కూడా కదల్లేదు.

"సరఫరాదారు పేరు చెప్పండి."

"తాయారు పొదుగుశాల."

"ఆ పేరుతో సరఫరాదారు లేరండి."

"నమోదు చెయ్యి. అరగంట నిలకడగా వేడి ఇచ్చిన ఎవరైనా సరఫరాదారేనని పీఠం నియమం. లెక్క నీ దగ్గరే ఉంది."

"లెక్క సరిపోయిందండి. ఉత్పత్తి సాధనం?"

"గుడ్లు."

వరణి ఆ మాటే రాసుకుంది.

"ఒప్పంద కాలం?"

"ఈ విడతకు నాలుగు రోజులు."

"తరవాత సరఫరా ఏమవుతుందండి?"

"లేచి నడుస్తుంది," అంది నూకాలు.

పన్నెండయింది. తీగలో కరెంటు పోయింది. అంకె కదల్లేదు. వీధిలోని ప్రతి దుకాణం గోడమీది వరణిలోనూ మూడు సరఫరాదారుల పేర్ల కింద నాలుగోది వెలిగింది. నిమిషం తిరక్కుండా వరణి మళ్లీ మాట్లాడింది, ఈసారి కొంచెం తగ్గుస్వరంతో.

"పక్క బేకరీవారు అడుగుతున్నారండి. వాళ్ల పొయ్యి గోడ పగలంతా ఊరికే కాలుతుందట. వాళ్లనీ సరఫరాదారులుగా రాసుకోమంటున్నారు. ఇస్త్రీ దుకాణంవారు కూడానండి. రైసుమిల్లువారు..."

"రాసుకో," అంది తాయారు, మరో గుడ్డు దీపానికి పట్టి.

"ఇన్ని పేర్లకు జాబితాలో చోటు లేదండి."

"ఆ పై మూడూ చెరిపి చూడు."