సీసా మీద రెండో వాక్యం

పరీక్ష పళ్ళెంలో ఎడమ వరస గుంటల్లో కణాలన్నీ చచ్చాయి. కుడి వరసలో అన్నీ బతికాయి. నూకరత్నం సూక్ష్మదర్శిని మీంచి తలెత్తి, ఇవాళ్టి సరుకు మంచిదేనని పలక మీద రాసింది. రెండు వరసల్లోనూ పోసింది ఒకే అంతిమలేఖ. కుడి వరసలో మాత్రం అంతకుముందే మరణగ్రాహి కలిపింది.

అంతిమలేఖ అందితే ఏ కణమైనా తనంతట తానే చచ్చిపోతుంది. దాన్ని అందుకునే చెయ్యి కణం ఒంటి మీదే ఉంటుంది. మరణగ్రాహి అంటే అదే. మనిషి జన్యువును చిట్టెలుక కణాల్లో పెట్టి, ఆ చేతుల్ని మాత్రం విడిగా ట్యాంకుల్లో పండించడం నూకరత్నం పని. విడిగా తిరిగే చేతులు లేఖను దారిలోనే పట్టేసుకుంటాయి, కబురు కణం దాకా పోదు. పండిన సరుకును తెల్లటి పొడిగా ఎండబెట్టి, సీసాల్లో నింపి ప్రయోగశాలలకు పంపుతారు. ప్రతి సీసా మీదా ఎర్రటి అక్షరాల్లో మొదటి వాక్యం: పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు.

సముద్రం ఒడ్డునున్న ఈ సంస్థలో పనిచేసేవాళ్ళకి సొంత కాలేయం మహా అయితే ముప్పయ్యో ఏడు దాకా ఉంటుంది. ట్యాంకుల ఆవిరికి అది పాడవగానే సంస్థ అరువు కాలేయం అమర్చి, మణికట్టుకి కంకణం బిగిస్తుంది. ఉద్యోగంలోంచి తీసేసిన రోజు కంకణం తెరుచుకుని నెత్తుట్లోకి అంతిమలేఖ వదులుతుంది. సాయంత్రానికల్లా మనిషి ఉండడు. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘వాపసు’. సిగ్గులేని వెధవలు, పేరు మాత్రం ఎంత మెత్తగా పెట్టారో!

రెండేళ్ళ కిందట, అక్కడే పనిచేసే నూకరత్నం తమ్ముడు అప్పలసూరి, విషపు నీళ్ళు సముద్రంలోకి ఎందుకు వదులుతున్నారని అడిగాడు. మర్నాడు పొద్దున్నే అతనికి వాపసు పడింది. నూకరత్నం విభాగాధిపతి మార్తాండరావు గదికి పరుగెత్తి, ఒక్క సీసా ఇమ్మని కాళ్ళ మీద పడింది. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. “లేబుల్ చదువు రత్నం. మనుషులకు వాడరాదని రాసుంది. రూల్ అంటే రూలే,” అని జుర్రుమంటూ టీ తాగాడు. చీకటి పడేలోపు తమ్ముడు ఒళ్ళంతా పసుపు పూసినట్టయి ప్రాణం వదిలాడు. టీ జుర్రిన ఆ చప్పుడు మాత్రం ఆమె చెవుల్లోంచి పోలేదు. అప్పట్నుంచీ ఆమె పనిలోకి వస్తున్నది కసితోనే.

పదకొండున్నరకి తలుపు తోసుకుని వచ్చినవాడు మార్తాండరావే. కంకణం ఎర్రగా వెలుగుతోంది.

“ఏటి సార్, ఇలాగొచ్చారు?”

“నన్నూ తీసేశారు రత్నం. కంకణం తెరుచుకుని గంటైంది. ఒక్క సీసా ఇప్పించు.”

ఆమెకు నవ్వొచ్చింది. దాచుకోలేదు. “లేబుల్ సదవండి సార్.”

“నీకు సంగతి తెలీదు. ఒంటిగంటకి ఈ విభాగం మొత్తానికీ వాపసు. నలభై ఒక్కమంది. నువ్వు కూడా.” ఆయన తల దించుకున్నాడు. “సంతకం నాదే. చివర్లో నా పేరు కూడా చేరుస్తారనుకోలేదు.”

నలభై మంది మొహాలు ఒక్కసారి ఆమె కళ్ళముందు తిరిగాయి. ఆమె దగ్గరుండేది పరీక్షకి వాడే చుక్క మాత్రమే, అమ్మే సీసాలన్నీ గిడ్డంగిలో ఉంటాయి. కానీ పండించిన ప్రతిసారీ ఒక పెద్ద సీసా తీసి, రేపెవరైనా సరుకు బాగోలేదంటే చూపించడానికి నిల్వ అల్మరాలో దాస్తారు. పదిహేనేళ్ళ సీసాలున్నాయందులో. ఒక్కొక్కటీ ఒక ఒంటికి సరిపోతుంది.

“అల్మరా మీ వేలికే కదా తెరుసుకుంటాది?”

“ఒంటిగంట దాకా.”

“తెరవండి. ఒక సీసా మీది. మిగతాయి మావి.”

అల్మరా తెరుచుకుంది. ఆమె ఆయనకి సీసా, శుద్ధజలం, సిరంజి ఇచ్చింది. పదిహేనేళ్ళు విభాగాన్ని ఏలినవాడు ఒక్కనాడూ సీసా చేత్తో పట్టి ఎరగడు. నీళ్ళు పోసి, దగ్గుమందు కలిపినట్టు గట్టిగా ఊపాడు. సీసా నిండా తెల్లటి నురగ లేచింది.

ట్యాంకుల దగ్గర చేరిన మొదటిరోజే ఎవరికైనా నేర్పే సంగతి ఇది. ఊపితే మరణగ్రాహి ఆ నురగలో చెడిపోతుంది, ఇక దేన్నీ పట్టుకోలేదు. ‘వద్దు సార్’ అన్న మాట నూకరత్నం నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకో సీసా ఇవ్వడం ఎంతసేపు? అప్పుడే టీ జుర్రిన చప్పుడు వినిపించింది. ఆమె మాట మింగేసింది. ఆయన నురగ నీళ్ళు ఒంట్లోకి ఎక్కించుకుని, హమ్మయ్య అని మూలనున్న కుర్చీలో కూలబడ్డాడు.

ఆమె విభాగాన్నంతా పిలిచి, ఒంటిగంట సంగతి చెప్పి, సీసాలు పంచింది.

“రత్నమప్పా, ఇది ఒంటికి పనిసేస్తాదంటావా?” అని అడిగింది ట్యాంకులు కడిగే గౌరమ్మ.

“సెయ్యకపోతే ఎలాగూ సస్తాం. ఊపకండర్రా! అరసేతుల మద్దిన మెల్లగా దొర్లించండి.”

అందరూ ఒంట్లోకి ఎక్కించుకున్నారు. ఒంటిగంటకి నలభై ఒక్క కంకణాలు ఒకేసారి తెరుచుకున్నాయి. గౌరమ్మ కళ్ళు మూసుకుంది. రెండైంది, మూడైంది. ఎవరి కళ్ళూ పచ్చబడలేదు. నాలుగింటికి శవాల కోసం వచ్చిన పెద్ద బండి గుమ్మం ముందు ఆగింది. పై అంతస్తు నుంచి ఫోను మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

మూల కుర్చీలో మార్తాండరావు కళ్ళు పసుపు ముద్దలయ్యాయి. “అందరికీ పనిచేసింది. నాకెందుకు చెయ్యలేదు రత్నం?”

నూకరత్నం ఆయన ఖాళీ సీసా తీసి కళ్ళ దగ్గర పెట్టింది. “లేబుల్ సదవమన్నది మీరే కదా సార్. ఆరోజు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. రెండోది సదవండి.”

ఆయన కళ్ళు చికిలించి చదివాడు. “ఊపరాదు.”

ఆయన సీసా మీంచి చూపు ఆమె వైపు తిప్పాడు. “నేను ఊపుతుంటే చూశావు కదా.”

“సూశాను,” అని, గౌరమ్మ అందించిన టీ తీసుకుని, నూకరత్నం జుర్రుమంటూ తాగింది.