ఎడమ రెక్క మీది చుక్క

సూరమ్మలంకలో తెల్లవారేసరికి కాకుల కంటే ముందు రెక్కలు లేస్తాయి. ఆ రోజూ లేచాయి. వంకాయల బుట్టలతో ఒకటి, బడికి పోయే ఇద్దరు ఆడపిల్లలతో ఒకటి, వెనక సీట్లో పెళ్లికొడుకు మేనమామను కుదేసుకుని ఇంకొకటి. సముద్రం పైకి వచ్చి గోదావరి పాయల మీది వంతెనలనూ రోడ్లనూ మింగేశాక లంకలకు మిగిలిన దారి ఆకాశం ఒక్కటే. పడవలున్నాయి కానీ, పోటు సమయంలో వాటిని నమ్ముకున్నవాడు మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరడు. అందుకని ఒకప్పుడు పాడి ఉన్న కొట్టంలోనే ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒక ఇంటిరెక్క ఉంటుంది. ఇద్దరు కూర్చునే చిన్న విమానం. ఎవరిది వారే రూపం గీసుకుంటారు, ఎవరిది వారే కట్టుకుంటారు.

సత్యవేణి వాకిట్లో కూర్చుని తోటకూర ఏరుతోంది. నెత్తి మీద నుంచి రెక్కలు పోతున్నా తల ఎత్తలేదు. తలెత్తితే ఆమెకు ఎగిరేవి కనబడవు. ఎప్పుడో పడిపోయిన ఒక్కటే కనబడుతుంది.

"అక్కా, తారు కాగిపోతంది," అంటూ వచ్చాడు ఏసుబాబు. లంకలోని రెక్కలశాల చూసుకునేది అతనే. "ఇందూ ఎండెక్కకుండానే పైకెత్తుతానంటంది. నువ్వొచ్చి చుక్కెట్టేసి ఎల్దువుగాని, దా."

"నేన్రాను."

"అదేంటక్కా! తల్లి చుక్కెట్టకుండా రెక్క ఎలా లేత్తాది?"

"లేవకూడదనే," అంది సత్యవేణి, కాడలు పక్కకు విసిరేస్తూ.

ఏసుబాబు తువ్వాలుతో మెడ తుడుచుకుని, వచ్చిన దారినే పోయాడు.

సత్యవేణి భర్త కాలంలో సొంతంగా విమానం గీసుకోవడమంటే కాగితం, పెన్సిలు, గుండెధైర్యం, అంతే. వెదురు బద్దలకు గుడ్డ బిగించి, మోపెడ్ ఇంజను తగిలించి, లెక్క సరిపోయిందని ఎవరికి వారే సర్టిఫికెట్ ఇచ్చుకుని ఎగిరేవారు. కొందరు దిగారు. చాలామంది పడ్డారు. ఆమె భర్త నది మధ్యలో పడ్డాడు, ఒడ్డున చంటిపిల్లనెత్తుకుని నిలబడ్డ ఆమె కళ్లముందే.

తర్వాత కల్పకం అనే కృత్రిమ మేధ వచ్చింది. ఎలాంటి రెక్క కావాలో దానికి నోటితో చెప్పి, వేలితో గీసి చూపిస్తే చాలు. ఆ రూపాన్ని తన లోపలి మిథ్యాకాశంలోకి తీసుకుపోయి, ఇంతవరకూ లోకంలో వీచిన తుఫానులన్నిటిలోనూ ఎగరేస్తుంది. విరిగితే అతికి, మళ్లీ విరిచి, ఇక విరగదని తేలాకే, రెక్కను అచ్చులో పోసి ఇచ్చే పోతయంత్రానికి అప్పజెబుతుంది. ప్రతి రెక్కలోనూ గాలిసాక్షి అనే గోరంత పరికరం ఉంటుంది. ఆనాటి ప్రయాణంలో గాలి ఎటు నెట్టిందీ, రెక్క ఎటు లాగిందీ సాయంత్రానికల్లా కల్పకానికి చేరవేస్తుంది. అలా అన్ని రెక్కల అనుభవమూ రేపటి రెక్కలోకి వస్తుంది. కల్పకం వచ్చాక ఈ లంకల్లో ఒక్క రెక్క కూడా పడలేదు. జనం భయపడటం మరిచిపోయారు. సత్యవేణి మరిచిపోలేదు.

పోతయంత్రం నుంచి వచ్చే రెక్కలు మరీ వంక లేకుండా ఉండేవి. అంత నున్నటి వస్తువును చూస్తే మనవాళ్లకు ఊరుకోబుద్ధి కాదు. దిష్టి తగులుతుందని మొదట ఎవరో తల్లి తన కొడుకు రెక్క మీద, ఎడమ అంచున, చెంప మీద పెట్టినట్టు కాటుక చుక్క పెట్టింది. అది వానకు పోయింది. తారు పెట్టారు. అది ఎండకు జారింది. తారులో రంపపుపొట్టు కలిపి ముద్దగా అద్దారు. ఆ తర్వాత పంతాలు మొదలయ్యాయి. పక్కింటామె పెట్టినదాని కంటే మన చుక్క చిన్నదైతే మన ప్రేమ చిన్నదన్నట్టు అయింది. చివరికి అది బోర్లించిన కొబ్బరిచిప్పంత అయింది. ఆదివారం ప్రార్థన తప్పని ఏసుబాబు తల్లి కూడా కొడుకు రెక్కకు అందరికంటే పెద్ద చుక్కే పెట్టింది.

తూకాలూ పరీక్షలూ అన్నీ ముగిశాక, మొదటిసారి ఎగిరే రోజున, రెక్కలశాల గుమ్మం దాటించి, తల్లి తన చేత్తో పెట్టాలి. అదీ పద్ధతి. ఈ సంగతి కల్పకానికి ఎవరూ చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాలని తోచక. పిల్లకి పెట్టిన దిష్టిచుక్కను డాక్టరుకు చూపించి మందు రాయమంటామా?

ఏసుబాబు వెళ్లిన కాసేపటికి కూతురు ఇందుజ వచ్చింది. చేతులకు ఇంకా నూనె ఉంది.

"అమ్మా, పంతమా?"

"పంతవే."

"నా రెక్క చూడను కూడా చూడలేదు నువ్వు. లంకల్లో ఇంత నెమ్మదిగా దిగే రెక్క ఎవరూ కట్టలేదు తెలుసా? చెరువుగట్టు మీదైనా దింపుతాను."

"ఎవరూ కట్టలేదంటే ఏదో కారణం ఉండబట్టే."

తల్లి పక్కన ఇందుజ గొంతుక్కూర్చుంది. ఆమె నర్సు. "చినలంకలో మంగ కాన్పు సంగతి నీకు తెలుసుగా. మామూలు రెక్క దిగడానికి చోటు లేదు. నేను పడవలో వెళ్లేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు. ఆ గట్టు మీద దిగే రెక్క ఒక్కటుంటే ఇద్దరూ బతికేవారమ్మా. ఇది నా సరదా కోసం కాదు."

సత్యవేణికి మంగ తెలుసు. పెళ్లికి వెళ్లి అక్షింతలు కూడా వేసి వచ్చింది. కూతురు చెప్పేదాంట్లో తప్పు లేదనీ తెలుసు. తెలిసినకొద్దీ ఆమెకు కోపం పెరిగింది.

"మీ నాన్న కూడా లెక్క సరిపోయిందే అన్నాడు."

"నాన్నకి కల్పకం లేదు. నా రెక్కని అది ఎన్ని తుఫానుల్లో ఎగరేసిందో నీకు..."

"నాకు తెలవదు. నేను చుక్కెట్టను. చుక్క లేకుండా ఎల్తావా?"

ఆ మాట అన్నప్పుడు సత్యవేణికి తాను గెలిచినట్టే అనిపించింది. లంకలో చుక్క లేకుండా ఎగిరినవారు లేరు. ఎంత చదువుకున్నా, ఇందుజ ఈ నేల మీద పుట్టిన పిల్ల.

ఇందుజ లేచి చీర కుచ్చిళ్లకు అంటిన మట్టి దులుపుకుంది. "వెళ్తానమ్మా," అంది మెల్లగా. మొండితనంలో ఇద్దరిదీ ఒకే అచ్చు.

రెక్కలశాల ముందు ఆమె రెక్క ఎండలో మెరుస్తోంది. పొడుగ్గా, సన్నగా, నల్ల మచ్చ ఒక్కటీ లేకుండా. అలా బోసిగా ఉన్న రెక్కను బయట చూడటం ఏసుబాబుకు అదే మొదలు. దానికి ఎదురుగా నిలబడి కాసేపు చూశాడు. ఎడమ రెక్క కుడిదాని కంటే కొంచెం ఎక్కువ మెలి తిరిగి ఉంది. ఈ మధ్య వచ్చే రెక్కలన్నీ అలాగే ఉంటున్నాయి. కల్పకానికి తెలియదా అనుకుని అతను ఎప్పుడూ అడగలేదు. ఈసారి మాత్రం ఎందుకో మనసు కీడు శంకించింది.

"ఇందూ, పోనీ మా అమ్మని పిలవనా? ఆవిడెట్టినా ఒకటేనే."

"వద్దు మావయ్యా. మా అమ్మ పెడితే చుక్క. ఇంకొకరు పెడితే ఉత్త తారు."

"పోనీ రేపెల్దువు."

ఇందుజ నవ్వింది కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "రేపు కూడా ఆవిడ రాదు," అని ఎక్కి కూర్చుంది.

రెక్క లేచిన చప్పుడు సత్యవేణికి వాకిట్లో వినబడింది. కొత్త ఇంజను చప్పుడు తల్లికి వేరే చెప్పాలా? చేతిలో తోటకూర అలాగే ఉండిపోయింది. ఏళ్ల తరబడి ఎత్తని తల ఎత్తింది.

ఇందుజ ఇంటి మీద ఒక చుట్టు తిరిగింది. రెక్క ఎంత నిదానంగా పోతోందంటే, లోపల కూర్చున్న పిల్ల చెయ్యి ఊపడం సత్యవేణికి స్పష్టంగా కనిపించింది. ఏమీ కాలేదు. గాలి పట్టుకుంది. ఆమె గుండెల మీది బరువు ఒక్కసారి దిగిపోయింది, దాని వెనకే సిగ్గు వచ్చింది. ఎంత చక్కగా కట్టుకుంది పిచ్చిది! అటువంటి రెక్కను తల్లి చుక్క లేకుండా పంపానే అని నొచ్చుకుంది.

చెప్పులు కూడా వేసుకోకుండా రెక్కలశాలకు నడిచింది. తారు ఇంకా గోరువెచ్చగా ఉంది. అరిటాకు ముక్కలోకి ముద్ద తీసుకుంది.

"దిగ్గానే పెట్టేత్తాను," అంది ఏసుబాబుతో. "పెద్దదే పెడతాను. మీ అమ్మ పెట్టినదాని కంటే."

"అలాగే అక్కా," అని నవ్వాడు ఏసుబాబు. ఇద్దరూ రెక్కలు దిగే గట్టు చివరికి వెళ్లి నిలబడ్డారు.

ఇందుజ గట్టు వైపు తిరిగి వేగం తగ్గించింది. ఇంకా తగ్గించింది. కొబ్బరిచెట్ల తలలకు కిందుగా, తూనీగలా మెల్లగా వస్తోంది. తల్లి చేతిలోని అరిటాకు ఆమెకు కనబడే ఉంటుంది. అప్పుడు ఎడమ రెక్క దానంతటదే పైకి లేచింది. ఇందుజ దాన్ని కిందికి నొక్కడానికి చూసింది. అది ఇంకా లేచింది. రెక్క కుడివైపు తిరగబడి, గట్టుకు తగిలి, బోర్లా పడింది.

సత్యవేణి పరిగెత్తింది. పరిగెత్తి చేయగలిగింది ఏమీ లేకపోయింది.

దినాలు ముగిశాక కల్పకం పిలిచింది. తాను వచ్చాక లంకల్లో తొలిసారి ఒక రెక్క పడింది కాబట్టి దానికి కారణం తెలియాలి. రెక్కలశాలలో బల్ల ముందు సత్యవేణిని కూర్చోబెట్టి, ఏసుబాబు వెనక నిలబడ్డాడు. కల్పకం గొంతు ఎప్పటిలాగే మర్యాదగా ఉంది.

"ఈ లంకల రెక్కలన్నీ గాలిలో ఎడమ వైపుకు లాగుతున్నట్టు గాలిసాక్షులు చాలాకాలంగా చెబుతున్నాయి. ప్రతి రెక్కకూ ఎడమ అంచున, పైన, ఉబ్బుగా ఒక భాగం ఉన్నదని నేను గ్రహించాను. దాని పేరు నాకు తెలియదు. అది ఏటేటా పెద్దదవుతున్నది. దాని వల్ల తగ్గే బలాన్ని పూడ్చడానికి ఎడమ రెక్కను నేనూ ఏటేటా మారుస్తూ వచ్చాను. ఇందుజ గారి రెక్క చాలా నెమ్మదిగా దిగాలి కనుక మరింత మార్చాను. మిథ్యాకాశంలో ఆ భాగంతోనే ఎగరేశాను. అన్ని తుఫానుల్లోనూ క్షేమంగా దిగింది."

ఆ ఉబ్బు భాగం చుక్కేనని ఏసుబాబుకు అర్థమైంది. ఆ మెలిక చూసి కూడా అడగని తన నోటిని తానే తిట్టుకున్నాడు.

"వేగంగా వెళ్లినప్పుడు తేడా చేతికి ఆనదు. నెమ్మదించినప్పుడు ఎడమ రెక్క లేస్తుంది," అంది కల్పకం. "పడిన రెక్కలో ఆ భాగం లేదు. ఆ భాగాన్ని ఎవరు అమరుస్తారు?"

సత్యవేణి తన చేతి వేళ్లు చూసుకుంది. ఎన్నిసార్లు కిరసనాయిలుతో కడిగినా గోళ్ల సందుల్లో తారు పోలేదు.

"తల్లి," అంది.

"ఈ రెక్కకు ఎందుకు అమర్చలేదు?"

"అక్కా, చెప్పక్కర్లేదు. లే, పోదాం," అన్నాడు ఏసుబాబు.

ఆమె లేవలేదు. "అది లేకపోతే ఎల్లదనుకున్నాను," అంది. "నా బిడ్డ నేల మీదుంటాదని పెట్టలేదు."

కల్పకం ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణంలో అది లంకలన్నిటి రెక్కలకూ కబురు పంపింది.

"కారణం తెలిపినందుకు కృతజ్ఞతలు," అంది. "నేటి నుంచి, తల్లి ఆ భాగాన్ని అమర్చనిదే ఏ రెక్కా నేల విడవదు."

సత్యవేణి ఆ మాట విని, బల్ల మీద తల పెట్టి ఏడ్చింది.