కంపెనీ పోయిన మనిషి

వరసలో తర్వాతి మనిషికి ఇందుమతి కుర్చీ చూపించేలోపే పొత్తరి యంత్రం అతని ఊపిరి కొలవడం మొదలుపెట్టింది. వాళ్ళున్నది, సముద్రం సామర్లకోట దాకా వచ్చి ఆగాక కట్టిన మేడ. పై అంతస్తంతా పొత్తుల శాఖదే. తాగుడో, మత్తుబిళ్ళలో మానాలనుకున్నవాళ్ళు ఇక్కడికొచ్చి నాలుగు మాటలు చెబితే, ఆ మాటల్ని బట్టి ఎవరు ఏ తోడుమండలిలో కూర్చోవాలో పొత్తరి తేలుస్తుంది. యంత్రమన్న మాటే గానీ, ఊరికది పెళ్ళిళ్ళ పేరయ్య. అది తేల్చినదాని మీద వేలిముద్ర వేయడమే ఇందుమతి ఉద్యోగం. పొత్తరి పొరబడదని చేరినరోజే చెప్పారు. ఆమె హాయిగా నమ్మింది.

కూర్చున్నవాడు గుబ్బల నూకరాజు, పడవలు బాగుచేసే మనిషి. ఏ మండలీ కుదరక మళ్ళీ వచ్చాడు. ఇదే ఆఖరి అవకాశం. ఇదీ కుదరకపోతే చట్టప్రకారం తలపుకోత. తాగాలన్న తలపు బుర్రలో ఎంతమేర అల్లుకుందో అంతా కోసేస్తారు. నొప్పి ఉండదు.

“చెప్పండి,” అంది ఇందుమతి.

“ఏముందండి, ఎప్పుడూ చెప్పేదే. కంపెనీ పోయిందండి. అప్పట్నుంచి సాయంత్రమైతే ఇంట్లో కాలు నిలవట్లేదు.”

పొత్తరి క్షణం కూడా తడుముకోలేదు. కొలువు పోయినవారి తోడుమండలి, అంది.

నూకరాజు నవ్వాడు. “మళ్ళీ అక్కడికేనాండి? మంచోళ్ళేనండి పాపం. పని ఎలా వెతుక్కోవాలో చెప్తారు. నాకు పనుందంటే నమ్మరు.”

ఇందుమతి వేలు ముద్రపలక దాకా వెళ్ళి ఆగింది. “మరి పోయింది ఏ కంపెనీ అండీ?”

“మా బావండి, సత్తిబాబు. రోజూ రేవుగోడ మీద కూర్చునేవోళ్ళం. ఆడు కంపెనీ ఇస్తేనే గ్లాసు ముట్టేవోణ్ణి. జొరమొచ్చి పోయాడు. ఇప్పుడు మందు మీద యావ కాదండి, ఒక్కణ్ణీ కూర్చోలేక తాగుతున్నాను. కోత కోస్తే బుర్రలోంచి బావ కూడా పోతాడంటగా?”

“పోతాడు,” అంది. అబద్ధం చెప్పాలని ఉన్నా నోరు రాలేదు.

ఆమెకు సిగ్గేసింది. కంపెనీ ఇవ్వడమంటే ఏమిటో ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. యంత్రానికి తెలియదంటే సరే, తెలిసిన తను కూడా ఇన్నాళ్ళూ వినకుండా వేలు నొక్కింది. కంపెనీ అంటే కొలువు కాదు, పక్కన కూర్చునే మనిషి అని పొత్తరికి నేర్పింది. అది చాలాసేపు వెతికింది. ఒక్కో మండలికి ఒక్కో కష్టం ఉంది. ఊరికే పక్కన కూర్చునే మండలి మాత్రం ఎక్కడా లేదు.

“పొత్తు లేదు. తలపుకోతకు ముద్ర వేయండి,” అంది పొత్తరి.

“వేయను. కొత్త మండలి తెరువు. నా పేరు రాసుకో.”

“ముద్ర వేసేవారు మండలిలో కూర్చోరాదు.”

“కూర్చుంటాను,” అని ఆమె నూకరాజు వైపు తిరిగింది. “సాయంత్రం ఫ్లాస్కులో టీ పట్టుకుని గోడ దగ్గరికొస్తాను. నేనిస్తాను కంపెనీ.”

నూకరాజు బిత్తరపోయాడు. “మీరాండి? చూసినోళ్ళు ఏమనుకుంటారండి?”

“అనుకోనివ్వండి. మీ బావ గురించి చెబుదురుగాని.”

మండలి దేనికోసమో చెప్పమని పొత్తరి అడిగింది. ఇందుమతి సంచిలోంచి ఫ్లాస్కు తీసి మూత చూసుకుంటోంది. అది మళ్ళీ అడిగి, ఎర్రదీపం వేసుకుని, వరస మొత్తాన్ని ఆపేసింది.

వరసలో ముందున్న ముసలావిడ మత్తుబిళ్ళల డబ్బా కొంగులో ముడేసుకుని, ఆగిపోయిన యంత్రాన్ని దాటుకుని నూకరాజు దగ్గరికొచ్చింది.

“ఆ గోడ ఏమాత్రం పొడుగుంటది నాయనా?” అని అడిగింది.

నూకరాజు వెనకున్న వరసకేసి చూశాడు. “పొడుగేనమ్మా,” అన్నాడు. “జరిగి కూర్చుందాం.”