థార్న్‌బరీ గారికి జవాబు

మొగుడికి అసూయ పుట్టాలంటే అవతలివాడు కనీసం బతికుండాలి. శశికాంత్ ఖర్మకి, ఆ కనీస అర్హత కూడా లేనివాడితో పడింది పోటీ.

ఆ పెద్దమనిషి పేరు థార్న్‌బరీ. అమెరికా కొత్తగా దేశమైన రోజుల్లో సభల్లో గొంతు చించుకున్న నాయకుల్లో ఒకడు. పోయి రెండు వందల ఏళ్లు దాటింది. ఆయన ఇంటిని ఇప్పుడు మ్యూజియం చేశారు. వీసా వల్ల ఉద్యోగం చేసే వీల్లేక, శశికాంత్ భార్య త్రివేణి అక్కడ వాలంటీర్‌గా చేరింది. ఆయన పెళ్లానికి రాసిన ఉత్తరాలు కంప్యూటర్‌లో టైప్ చేయడం పని.

అప్పట్నుంచీ జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్‌లో పప్పులో పోపు పడినా థార్న్‌బరీ గారే.

“ఇవాళేం రాశాడో తెలుసా? ‘నువ్వు లేని ఊళ్లో చలి కూడా నన్ను గుర్తుపట్టడం లేదు’ అట!”

శశికాంత్ ఫోన్ తీసి చూసుకున్నాడు. పెళ్లయ్యాక తను భార్యకి రాసినవన్నీ కలిపితే ‘రీచ్డ్’, ‘ఓకే’, ‘పాలు అయిపోయాయి’. ఒకచోట గులాబీ బొమ్మ ఉంది గానీ, అది వేలు జారి వెళ్లింది.

“ఆయనకి పొద్దున్నే టీమ్ మీటింగులు ఉండి ఉండవులే,” అన్నాడు.

“పాపం, ఆవిడ ఒక్కదానికీ జవాబు రాయలేదండీ. మరిదికి మాత్రం పేజీలకి పేజీలు రాసేది. ‘ఒక్కసారి పిలువు, వచ్చేస్తాను’ అని ఈయన బతిమాలుకుంటూనే పోయాడు.”

ఆ ‘పాపం’ శశికాంత్‌కి ముల్లులా దిగింది. బతికున్నవాడైతే లింక్డ్‌ఇన్‌లో వెతికి, బట్టతల ఉందేమో చూసుకుని ఊరటపడేవాడు.

డిసెంబర్‌లో ఒక శుక్రవారం ఆమెని తీసుకురావడానికి వెళ్లాడు. సాయంత్రం ఐదింటికే చీకటి కమ్మేసింది. మిగతావాళ్లంతా వెళ్లిపోయారు. లోపల పాత చెక్క వాసన, చెమ్మగిల్లిన కాగితాల వాసన. ఎన్నేళ్లుగానో వెలిగించని పొయ్యిలోంచి సన్నగా పొగ వాసన.

త్రివేణి కోటు తొడుక్కుంటూ అంది: “ఏమండీ, మేడమీద లైటు ఆపుతారా?”

శశికాంత్ నోరు తెరిచేలోపే పైనుంచి...

“ఆఁ.”

బొంగురుగా. చాలాకాలం మాట్లాడని గొంతులా.

తర్వాత అడుగులు. ఒకటి... ఇంకొకటి... పైన లైటు ఆరిపోయింది.

“ఎవరున్నారు పైన?” గుసగుసగా అడిగాడు.

త్రివేణి మొహంలో భయం లేదు. సిగ్గు ఉంది. పెళ్లిచూపుల్లో కూడా తన ముందు అంత సిగ్గుపడలేదు. శశికాంత్‌కి ముందు ఒళ్లు మండింది. భయం తర్వాత వేసింది.

“ఏం చేశావ్?”

“ఊరికే... ఒక జవాబు రాసి, ఆయన రాసుకునే ఈ బల్ల సొరుగులో పెట్టా. తెలుగులోనే. పెద్దాయన కదా, పేరు పెట్టి పిలిస్తే ఏం బాగుంటుందని...” స్కార్ఫ్ కొస వేలికి చుట్టుకుంది. “‘ఏమండీ’ అని మొదలుపెట్టా.”

“అది నా పేరే!”

లోకంలో సగం మంది మొగుళ్లకి అదే పేరని ఆ కంగారులో తట్టలేదు. సొరుగు లాగాడు. ఖాళీ.

“అయినా ఆయనకి తెలుగేం తెలుసు?”

“మొదట్లో తెలీదు.”

మెట్లు కిర్రుమన్నాయి. ఎవరో దిగుతున్నారు... తొందర లేకుండా... సొంత ఇంట్లో దిగినట్టు...

శశికాంత్ ఆమె చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి కార్లో కూర్చోబెట్టాడు. డోర్లు లాక్ చేశాడు. బెల్టు పెట్టుకోవడానికి నాలుగుసార్లు తడుముకున్నాడు.

“ఇకమీదట ఆ పిలుపు వద్దు. శశీ అను. ఒరేయ్ అన్నా పడతాను.”

“అలాగే, శశీ.”

పెళ్లయ్యాక మొదటిసారి ఆమె నోట తన పేరు. గెలిచాననుకున్నాడు. కారు రోడ్డెక్కింది. ఇల్లు వెనకబడింది.

“ఏమండీ, బెల్టు పెట్టుకోండి,” అంది త్రివేణి మెల్లగా.

“పెట్టుకున్నాగా! మళ్లీ అదే పిలు...”

ఆమె అతని వైపు చూడటం లేదు. అద్దంలోకి చూస్తోంది.

వెనక సీట్లో బెల్టు నెమ్మదిగా సాగిన చప్పుడు...

టిక్.