మూడు ప్రాణాల మనిషి

"గీ మనిషికి మూడు పాణాలు ఎందుకున్నయి సార్?"

పాఠాలకు కొత్తగా చేరిన రాజమణి సిద్దిరాములుతో అన్న మొదటి మాట అదే. తడిసిన గొడుగు తలుపు దగ్గర వదిలి, కంప్యూటర్ నల్లటి తెర మీద ఆట కాసేపు ఆడి, ఆ మాట అడిగింది.

తొంభై ఆరు వానకాలం. కరీంనగర్ బస్టాండ్ వెనుక, రేకుల కప్పు కింద ఒక కంప్యూటర్ సెంటర్. సిద్దిరాములు అక్కడ పాఠాలు చెప్పేవాడు. వేములవాడ దిక్కు పల్లె అతనిది. మాట తక్కువ. క్లాసులు అయ్యాక కూర్చుని ఆ ఆట తయారు చేశాడు. బొగ్గుగనిలో ఒక మనిషి ఉంటాడు. కప్పు పడకుండా ఆనించిన కర్రలను ఒక్కొక్కటే తీసుకుంటూ వాడు బయటికి రావాలి. ఏది ముందు తీయాలన్నదే చిక్కు. తప్పితే కప్పు కూలుతుంది. మూడు ప్రాణాలు అయిపోయేదాకా మనిషి మళ్ళీ లేస్తాడు.

"ఆటల గట్లనే ఉంటది," అన్నాడు.

"మా బాపు శ్రీరాంపూర్ గనిల గా పనే చేస్తడు. కప్పు పడితే మల్ల లేసుడుండది."

సిద్దిరాములు గనిని ఎప్పుడూ చూడలేదు. "తీసేస్త తియ్," అన్నాడు.

"నేను తియ్యమన్ననా? ఎందుకున్నయని అడిగిన." గొడుగు విదిలించుకుని మెట్లు దిగిపోయింది. ఆ నీళ్ళు అతని చొక్కా మీద పడ్డాయి.

ఆ వారమే ఆట విడుదలైంది. విడుదలంటే పెద్దదేమీ కాదు. ఫ్లాపీల్లో ఎక్కించి, ఊళ్ళో ఉన్న మిగతా సెంటర్లకు సైకిల్ మీద తిరిగి ఇచ్చి వచ్చాడు. ఆడిన పిల్లలు టీ కొట్టు దగ్గర అతన్ని పట్టుకుని చెప్పేవారు. ఒకరికి తుపాకీ కావాలి. ఇంకొకరికి పాట కావాలి. సెంటర్ ఓనర్ దామోదర్‌రావు మొదట దేవుని బొమ్మ రావాలన్నాడు. సిద్దిరాములు అందరికీ సరే అన్నాడు. అన్నీ పెట్టాడు. దసరా నాటికి ఆట ఒక ఫ్లాపీలో పట్టలేదు. ఆడేవాళ్ళూ మిగల్లేదు.

రాజమణి ఒక్కతే వచ్చి పూర్తిగా ఆడింది.

"గనిల తుపాకి ఎవన్ని కాలుస్తది?" అని నవ్వింది. అతను నవ్వలేదు. ఆమె కూడా ఆపేసింది. "అందరు చెప్పింది పెట్టినవు. నీకేం కావాల్నో గదేది?"

సార్ అనడం ఆ రోజుతో పోయింది.

మూడు ప్రాణాలతో సహా అన్నీ తీసేశాడు. తండ్రి పోశం ఎలా పని చేస్తాడో చెప్పమని ఆమెనే అడిగాడు. పోశం ఇనుప కడ్డీతో కప్పును కొట్టి, అరచెయ్యి ఆనించి వింటాడట. గట్టిగా మోగితే మంచిది. బోలుగా మోగితే పరుగెత్తాలి. సిద్దిరాములు ఆ చప్పుడు ఆటలో పెట్టాడు. కంప్యూటర్‌లో నుంచి సన్నగా వచ్చేది. రేకుల మీద వాన పడుతుంటే వినపడేది కాదు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి వినేవారు. చప్పుడు ఆగిపోయిన తర్వాత కూడా తలలు అక్కడే ఉండేవి.

ఈసారి ఆట పిల్లలకు నచ్చింది. కానీ మూడు ప్రాణాలు మళ్ళీ కావాలన్నారు. కాదనలేక ఇచ్చేశాడు. రాజమణి చూసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

మరుసటి ఏడు మళ్ళీ వానలు మొదలయ్యాయి. ఒకరోజు ఆమె తానుంటున్న హాస్టల్ ఖాళీ చేసి, పెట్టెతో సెంటర్‌కు వచ్చింది.

"కంపెనోళ్ళు బాపును పనికి అన్‌ఫిట్ చేసిండ్రు. దమ్ము ఆడుతలేదు. కొడుకు లేడు గదా, బాపు నౌకరి అల్లునికి అస్తది. మా అవ్వ నాకు గోదావరిఖని పిలగాన్ని చూసింది. గాయన గనిల దిగుతడట."

"మరి నువ్వేమన్నవు?"

"నువ్వు మా ఇంటికచ్చి అడిగినంక చెప్త."

ఆ ఆదివారం అతను శ్రీరాంపూర్ వెళ్ళడానికి మంచిర్యాల బస్సెక్కాడు.

గని కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ముందు అర్రలో పోశం మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి అందదు. రాజమణి తల్లి మల్లక్క చాయ్ ఇచ్చింది. అతని ఊరు, కులం, చదువు అన్నీ నెమ్మదిగానే అడిగింది. ఆఖరున అసలు మాటకు వచ్చింది.

"నౌకరి పోతే క్వార్టర్ పోతది కొడుకా. నువ్వు దిగుతవా?"

"దిగుత," అన్నాడు సిద్దిరాములు.

మల్లక్క ముఖం తేటపడింది. తలుపు దగ్గర నిలబడ్డ రాజమణి తండ్రి వైపు తిరిగింది.

"బాపూ, గీయన ఎవరేమడిగినా సరే అంటడు. నేను గీ మాటను నమ్మ. గోదావరిఖని పిలగాన్నే రమ్మను."

 సిద్దిరాములు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. 

"నాకు భయం," అన్నాడు. "నేను దిగ. రాజమణిని చేసుకుంట. కరీంనగర్ల నాకున్నది ఒక్కటే అర్ర. మీరు గూడ అచ్చి అండ్లనే ఉండుండ్రి."

అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అతనికి అదే మొదలు. రాజమణి తల వంచుకుంది. మల్లక్క గోడ వైపు చూసింది.

పోశం ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"నాకు గూడ భయమే ఉండె," అన్నాడు. "దిగిన పతీ దినం ఉండె. పిల్లను గీ పిలగానికిద్దాం. క్వార్టర్ ఖాళీ చేద్దాం."

మల్లక్కకు క్వార్టర్ మాట వినపడలేదు.

"భయమని నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నన్ను పోనియ్యకపోతుంటివి."

"పోనియ్యకపోతుంటి," అని ఆమె మంచం పట్టె మీద తల పెట్టింది.

సిద్దిరాములు బయటి అరుగు మీదికి వచ్చాడు. వాన పడుతున్నది. రాజమణి వచ్చి పక్కన నిలబడింది. "గిప్పుడన్న మాటను నమ్మిన," అంది. లోపల తల్లి ఏడుపు ఆగేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.