రెండు పేర్ల షట్టర్

కొబ్బరికాయ రెండు చెక్కలైంది. నీళ్లు మాత్రం చుక్క రాలేదు.

మల్లేశ్వరి కొంగు చాపి నిలబడింది. ఉరుకుంద ఈరన్న గుడి ముందు శ్రావణ సోమవారం జనం ఇసుక వేస్తే రాలనట్టున్నారు. వెనకనుంచి ఎవరో తోస్తున్నారు, ముందు ఎవరో కాలు తొక్కుతున్నారు. కాయలు కొట్టే మనిషి నున్నటి గుండుతో, మోకాళ్ల పైకి కట్టిన పంచెతో కూర్చుని ఉన్నాడు. రెండు చెక్కలూ ఆమె కొంగులో వేశాడు. ఒక చెక్కలో తెల్లటి కొబ్బరికి అతుక్కుని గోరంత పెన్‌డ్రైవ్.

"ఈ ఊర్లో బజ్జీలు కారమా అమ్మా?" అన్నాడు తలెత్తకుండా.

"కారం లేకుంటే బొరుగుల ఉగ్గాని ఎట్ల దిగుతాదన్నా?"

కోడ్ సరిపోయింది. ఆ గుండు మనిషి భీమసేనరావు. బోర్డు లేని ఆఫీసు, జీతం చీటీలో కూడా పేరు కనిపించని ఒక గూఢచారి విభాగానికి చీఫ్. మల్లేశ్వరి ఆయన ఏజెంట్లలో ఒకతె. అందరికన్నా పిరికిది కూడా. ఈ సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఇంట్లోవాళ్లు మాత్రం ఆమెది కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగమనే అనుకుంటారు.

"విను," అన్నాడు ఇంకో కాయ చేతిలోకి తీసుకుంటూ. "నల్లకొంగ ముఠా. సరిహద్దు అవతలి వాళ్లు. టార్గెట్, ఆదోని నీళ్ల ప్లాంటులోని క్లోరిన్ గది. టైము ఈరోజు సాయంత్రం నాలుగు."

టప్! కాయ పగిలింది. మల్లేశ్వరి ఉలిక్కిపడింది.

ఆదోని క్లోరిన్ గదిలో ఆపరేటర్ నాగేష్. ఆమె మొగుడు. ఆషాఢం అయిపోయి, పుట్టింటినుంచి తిరిగొచ్చి సరిగ్గా వారం. పొద్దున బస్సు ఎక్కిస్తూ కిటికీ పక్క సీటు కోసం కండక్టరుతో పోట్లాడి మరీ ఇప్పించాడు. ఆ సంతోషం ఇంకా ఒంటిమీద ఆరనే లేదు.

"సార్, నాలుగుకు సిలిండర్ మార్చేది మా ఆయనే."

"తెలుసు. అతనికి ఫోన్ చేయకు. ప్లాంటులో వాళ్ల మనిషి ఉన్నాడు, ఎవరో తెలీదు. ఒక్కరు పరిగెత్తడం కనిపించినా వాడు అప్పుడే గ్యాస్ వదులుతాడు. నువ్వు ఎమ్మిగనూరు పో. డేటా సెంటర్లో రష్మి ఉంటుంది. ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. ఈ కబురు తెచ్చింది ఆమే. ఆమె చెప్పినట్టు చెయ్యి."

"సార్, నాకు భయంగా ఉంది."

"భయపడుతూనే పో తల్లీ. బస్సు అటు సైడు."

* * *

ఎమ్మిగనూరులో చేనేత బట్టల గోడౌను పైన మేడ. వెనక గదిలో సర్వర్లు గుయ్యిమంటున్నాయి, ముందు గదిలో రెండు స్క్రీన్లు. కిటికీ కింద వీధిలో మూటలు దింపే వాళ్ల కేకలు. గోడమీద గడియారం మూడున్నర దాటింది.

రష్మి కుర్చీలో కాలుమీద కాలేసుకుని కూర్చుంది. చిలకపచ్చ చేనేత చీర, నల్ల కళ్లద్దాలు. గది అంతా ఆమె సెంటు వాసనే. మల్లేశ్వరి తన జడలో వాడిపోయిన మల్లెలను చేత్తో తడుముకుంది.

"రండి పెళ్లికూతురా! పసుపు కూడా ఆరలేదే," అని నవ్వింది రష్మి. "పెన్‌డ్రైవ్ పెట్టండి. లాగిన్ తాళం అందులోనే ఉంది."

స్క్రీన్ తెరుచుకుంది. ఒక పెద్ద కంప్యూటర్ కడుపులో నడిచే చిన్న చిన్న కంప్యూటర్లు. వర్చువల్ మెషీన్లు. వాటన్నిటినీ అదుపు చేసే మేనేజ్‌మెంట్ ఇంటర్‌ఫేస్ అది. ఆదోని ప్లాంటులోని పంపులు, మీటర్లు, షట్టర్లు అన్నీ ఇక్కడినుంచే కదులుతాయి. ప్రతి డివైస్ పక్కనా రెండు గుర్తులు. మొదట సిస్టమ్ పెట్టినవాళ్లు ఇచ్చిన పొట్టి పాత నంబరు ఒకటి, తర్వాత వచ్చిన పొడుగాటి కొత్త ఐడీ ఇంకొకటి. డివైస్ ఒకటే, పిలుపులు రెండు.

"సెక్యూరిటీ లాక్ కొత్త ఐడీలకే ఉంది," అంది రష్మి. "పాత నంబరుతో పిలిస్తే పాస్‌వర్డ్ అడగదు. ముఠా ఆ దారినే వస్తుంది. పాత నంబర్లన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టండి. దొడ్డిదారి మూసుకుపోతుంది. మీ ఆయన సాయంత్రం ఇంటికొస్తాడు."

మాట సూటిగా ఉంది. తప్పేమీ కనిపించలేదు. మల్లేశ్వరి వేలు డిలీట్ మీదికి పోయింది.

పోయి, అక్కడే నిలబడిపోయింది.

ఆమెకూ రెండు పేర్లే. పుట్టింట్లో ఇందు. కొడుక్కి పెళ్లి కుదిరితే కోడలికి అమ్మవారి పేరు పెడతానని అత్త జయమ్మ మొక్కుకుంది కాబట్టి మెట్టినింట్లో మల్లేశ్వరి. పాత పేరు ఇంకెవరూ ఎత్తకూడదని జయమ్మ ఆర్డరు. కానీ అత్త పెరట్లోకి పోగానే, నాగేష్ వంటింటి గడప దగ్గరికొచ్చి గొంతు తగ్గించి "ఇందూ" అంటాడు. ఆ పేరు ఇప్పుడు ఉన్నపళంగా తుడిచేస్తే అతని పిలుపు ఎవరికి చేరుతుంది?

పాత నంబరుతో ముఠా ఒక్కటే పిలుస్తోందని గ్యారంటీ ఏంటి?

"ముందు డిప్రికేట్ అని గుర్తు పెడతాను మేడమ్," అంది. "పేరు పనిచేస్తూనే ఉంటుంది. వాడొద్దు, త్వరలో తీసేస్తాం అని హెచ్చరిక పోతుంది. ఎవరు పిలిచినా ఇక్కడ కనిపిస్తుంది."

"టైము లేదు!"

"ఒక్క నిమిషం. నాకు చేతులు వణుకుతున్నాయి, తప్పు కొడతానేమో."

క్లిక్. ఒక పసుపు గీత వచ్చింది. వెంటనే ఇంకోటి. ఆగకుండా ఒకటే పిలుపు, ఒకే పాత నంబరు మీద. పిలుస్తున్నది ముఠా కాదు. 'ఆదోని-క్లోరిన్-రక్షణ'. గ్యాస్ లీకైతే షట్టర్ మూసేసే సేఫ్టీ మెషీన్. గుక్క తిప్పుకోకుండా షట్టర్‌ను దాని పాత నంబరుతోనే పలకరిస్తోంది. ఉన్నావా? ఉన్నావా? ఉన్నావా?

మల్లేశ్వరి వేలు వెనక్కి తీసుకుంది. ఇప్పుడు డిలీట్ కొట్టి ఉంటే ఆ మెషీన్‌కు షట్టర్ ఎక్కడుందో తెలిసేది కాదు.

"మేడమ్, ఇది..."

రష్మి లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల ఎరుపు లేదు. సన్నటి ఇనుప గొట్టం.

"ఒక్క గుండే పడుతుంది ఇందులో. ఒక్కటి చాలు." కళ్లద్దాలు తీసింది. ఆ కళ్లలో నవ్వు లేదు. "మీ చీఫ్ నా కబురును కళ్లకద్దుకున్నాడు. మీ ఆయన మార్చబోయే సిలిండర్ వాల్వు నిన్ననే అరగదీశాం. ఆ షట్టర్ ఒక్కటే అడ్డం. దాన్ని మీ విభాగమే, మీ చేత్తోనే తీసేస్తుంది. రేపు పేపర్లో పేరు కూడా మీదే. డిలీట్ కొట్టు."

గడియారం నాలుగుకు దగ్గరపడింది.

"కొడతాను," అంది మల్లేశ్వరి ఏడుపు గొంతుతో. "కానీ వాడుకలో ఉన్న నంబరును ఈ స్క్రీన్ డిలీట్ చేయనివ్వదు. ఆ మెషీన్ సెట్టింగ్స్‌లోకి పోయి నంబరు విడిపించాలి. చూడు కావాలంటే."

డిలీట్ నొక్కి చూపించింది. 'డివైస్ వాడుకలో ఉంది' అంటూ ఎర్ర బాక్సు వచ్చింది. ఆమె చెప్పింది అబద్ధం కాదు.

"అయితే విడిపించు. బేగి!"

మల్లేశ్వరి సేఫ్టీ మెషీన్ సెట్టింగ్స్ తెరిచింది. పాత నంబరు తుడిచింది. ఖాళీ గడి. రష్మి చూపు ఒక్క క్షణం ఫోన్ వైపు మళ్లింది. ఆ ఒక్క క్షణంలో కొత్త ఐడీని కాపీ చేసి, ఆ గడిలో పేస్ట్ చేసి, సేవ్ కొట్టి, గడి మూసేసింది. లాగిన్ తాళం పెన్‌డ్రైవ్‌లో ఉంది కాబట్టి పాస్‌వర్డ్ అడగలేదు. పూర్తిగా పడిందా? చివరి అక్షరం తప్పిపోయిందా? మళ్లీ తెరిచి చూసుకునే వీలు లేదు. పసుపు గీతలు మాత్రం ఆగిపోయాయి. కొత్త పేరుతో పిలుస్తున్నందుకు ఆగాయో, అసలు పిలవడమే మానేసిందో తెలియదు.

తర్వాత డిలీట్ కొట్టింది. పాత నంబర్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి.

"శభాష్ పెళ్లికూతురా," అంది రష్మి, ఫోన్ ఆమె ముఖం ముందుకు తెచ్చి. "మీ ఆయన్ని చూసుకో."

ప్లాంటు కెమెరా. నాగేష్ సిలిండర్ దగ్గర వంగి ఉన్నాడు. మాస్కు గోడకు వేలాడుతోంది. ఎన్నిసార్లు చెప్పినా పెట్టుకోడు. ఏదో కూనిరాగం తీస్తున్నట్టు తల ఊపుతున్నాడు. స్పానర్ తిప్పాడు.

పచ్చటి పొగ బుస్సుమంది.

నాగేష్ రెండడుగులు వెనక్కి వేశాడు. గొంతు పట్టుకున్నాడు. మోకాళ్లమీద పడ్డాడు.

మల్లేశ్వరి ఫోన్ మీదికి వంగింది. పలుకు. ఎవరో ఒకరు పలకండి. కొత్త పేరుతో పిలుస్తోంది, పలుకు తల్లీ!

షట్టర్ కదల్లేదు.

కదల్లేదు.

ఉన్నట్టుండి షట్టర్ ధడాలున పడింది. పొగ తెగిపోయింది. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తిరిగాయి. నాగేష్ దగ్గుతూ, పాకుతూ, తలుపు తోసుకుని బయట వరండాలో పడ్డాడు. ఎవరో బకెట్‌తో నీళ్లు తెస్తున్నారు.

రష్మి ముఖం పాలిపోయింది. ఆ వెంటనే లిప్‌స్టిక్ గొట్టం మల్లేశ్వరి నుదుటికి ఎత్తింది. ఇంక ఏజెంటూ లేదు, ట్రైనింగూ లేదు. ఉన్నదంతా భయమే. ఆ భయంలో నోటికొచ్చిన దేవుణ్ణి పిలిచింది, కిటికీలు అదిరేలా.

"ఈరన్నా!"

"ఎవడా ఈరన్న? ఎక్కడ దాచావు వాణ్ణి?" రష్మి గిరుక్కున తలుపు వైపు తిరిగింది.

పాపం, ఆమె బెంగళూరు మనిషి. ఉరుకుంద స్వామి పేరు పెట్టుకోని ఇల్లు ఈ పక్క తక్కువని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కింద గోడౌనులో మూటలు మోసే ఈరన్న తలెత్తాడు. టీ కొట్టు ఈరన్న గ్లాసు కింద పెట్టాడు. ఆటో ఈరన్న బ్రేకు వేశాడు. మెట్లమీద ధనధనా అడుగులు.

"ఎవరక్కా పిలిచినేది? నన్నేనా?"

"నిన్నెందుకు పిలుస్తారు లేరా, నన్ను."

"యో జరగండ్రా, ఆడమనిషి కేక అది!"

తలుపు నిండా ఈరన్నలు. గొట్టంలో గుండు ఒక్కటే. రష్మి ఏ ఈరన్నకు గురిపెట్టాలో తేల్చుకునేలోపు, మూటల ఈరన్న భుజంమీది దుప్పట్ల కట్టను అట్లాగే ఆమెమీదికి విసిరాడు. చిలకపచ్చ చీర కట్ట కింద పడిపోయింది. గుండు పేలి పైకప్పుకు తగిలింది. సున్నం రాలింది.

"దొంగతనానికి వచ్చిందా అక్కా ఈయమ్మ?" అడిగాడు టీ ఈరన్న, కట్టమీద కూర్చుంటూ.

"అవునన్నా," అంది మల్లేశ్వరి. అప్పటికి గాని ఏడుపు రాలేదు.

* * *

చీకటి పడకముందే ఆమె ఆదోని చేరింది. రష్మి ఫోన్‌తో ప్లాంటులోని ముఠా మనిషి కూడా దొరికాడని దారిలోనే కబురొచ్చింది. నాగేష్ ఆస్పత్రినుంచి అప్పుడే ఇంటికొచ్చి, కళ్లు ఎర్రగా, వాకిట్లో మంచంమీద ఉన్నాడు. జయమ్మ మజ్జిగ కలుపుతూ ఈరన్నస్వామికి దండాలు పెడుతోంది. మల్లేశ్వరి అతని పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. వదల్లేదు. అత్త చూస్తున్నా వదల్లేదు.

"సచ్చిపోయినాననే అనుకుంటి," అన్నాడు నాగేష్ దగ్గుతూ. "షట్టర్ యాడ పడదో అని... నా గుండె యాడుందో నాకే తెలీలే. నీ పనే మేలు లే. ఏసీ కింద కూచోని కంప్యూటర్ నొక్కేది. భయమనేదే ఉండదు."

"ఉంటాదప్పా అప్పుడప్పుడు," అంది మల్లేశ్వరి. "కరెంటు పోతే."