ఒక్క చావి నడక

వాన చినుకులను ఫిల్ము మీద పట్టాలని బీదరు కోటలో ఒకే సాయంత్రం ఇద్దరికి తోచడం విశేషం కాదు. ఇద్దరికీ ఒకే కమాను నచ్చడం తగవుకు మూలమైంది.

"మేడమ్, జర పక్కకు జరుగుతరా? నా ఫ్రేముల నిలబడ్డరు."

"మీరే నా ఫ్రేముల నిలబడ్డరు. నేను ఎప్పుడో చావి తిప్పి తయారున్న."

సంజయ్ ఆమె చేతిలోని వస్తువును చూశాడు. ఇటుకంత బరువైన లోహపు డబ్బా. దాని పక్కన, స్ప్రింగు బిగించడానికి మడతపడే చావి. "ఇది కెమెరానా, గోడ గడియారమా?"

జగదేవి అతని చేతిలోనిదాన్ని చూసింది. నల్ల ప్లాస్టిక్కు, పిస్తోలు పిడి, ముందుకు పొడుచుకు వచ్చిన జూమ్ లెన్సు. "మీదేంది, జుట్టు ఆరబెట్టుకునేదా?"

"సూపర్ ఎయిట్. కాట్రిడ్జ్ పెట్టుడు, మీట నొక్కుడు. బ్యాటరీ మీద నడుస్తది."

"నడిపియ్యుండ్రి."

మీట నొక్కాడు. నడవలేదు. సంగారెడ్డి నుంచి వచ్చి, సోలార్ కంపెనీ ఇంజనీరుగా ఊరి కప్పులన్నిటి మీదా కరెంటు పండిస్తున్న యువకుడు, పెన్సిల్ సెల్లులను షర్టుకు రుద్దుతూ తల వంచుకున్నాడు. రుద్దగా రుద్దగా నడిచింది.

చివరకు పందెం కుదిరింది. అదే గోడ, అదే వెలుతురు; ఒకరి నడకను ఒకరు తీయాలి. ఎవరి బొమ్మ బాగుంటే వారి కెమెరా గెలిచినట్టు. సంజయ్ ఆమెనే చూస్తూ నడిచి, రాయి తట్టుకుని బోర్లా పడి, నవ్వుతూ లేచాడు.

చావి కెమెరా ఫిల్ము వెడల్పయినది. ఒక సగం మీద బొమ్మలు తీశాక రీలును తిరగేసి రెండో సగం మీద తీయాలి. రెండు సగాలూ అయిన రీలు చూపుకు అచ్చం కొత్తదానిలాగే ఉంటుంది; మళ్ళీ ఎక్కిస్తే బొమ్మ మీద బొమ్మ పడుతుంది. అందుకే జగదేవి ఇంట్లో, నిండిన రీలు డబ్బాకు కుంకుమబొట్టు పెడతారు. ఆ సాయంత్రమే ఆమె రీలు రెండు సగాలూ నిండాయి.

"పెన్నుతోటి గీత గీస్తే అయిపాయె," అని సంజయ్ పెన్ను అందించాడు.

"మా ఇంట్ల కుంకుమనే పెడతరు. ఇంటికి పోయినంక పెడత."

పెట్టలేదు. ఆ కెమెరా గెలిచిందా, ఈ కెమెరా గెలిచిందా అన్న ఆలోచనలో మరిచింది. మరీ నిక్కచ్చిగా చెప్పాలంటే, ఆలోచన కెమెరాను గురించి కాదు.

ఆ ఇంటికి కుంకుమ కన్నా వింత ఆచారం ఇంకొకటి ఉంది. జగదేవి అవ్వ, అంటే నాయనమ్మ, రుక్మాబాయిని పెళ్ళిచూపుల నాడు మగపెళ్ళివారు గడప నుంచి నీళ్ళ గాబు దాకా నడిపించి, కాళ్ళు సరిగ్గానే ఉన్నాయని తేల్చుకున్నారు. ఆ పెద్దలలో ఒకాయన అప్పుడు తమలపాకుకు సున్నం రాసుకుంటూ చూడలేకపోయాడట. ఆయన కోసం మళ్ళీ నడిపించారు. తరవాత భర్త హైదరాబాదు నుంచి చావి కెమెరా కొనుక్కొచ్చిన రోజునే రుక్మాబాయి దానికొక ఉద్యోగం ఇచ్చింది. ఈ ఇంటి పిల్లను అడగవచ్చిన ప్రతి పెళ్ళికొడుకూ, ఒకసారి తిప్పిన చావి ఆగేలోపు, గేటు నుంచి అరుగు దాకా నడవాలి. రీలు ముంబై ల్యాబుకు వెళ్ళి వారాల తరవాత తిరిగి వస్తుంది. గోడ మీద బొమ్మ చూసి అవ్వ తీర్పు చెబుతుంది. పిల్ల నడవదు.

ఈ ఆచారానికి జిల్లా అంతా నవ్వుతుంది. ఆడపిల్లలను నడిపించిన కాలంలో ఈ జిల్లాలో ఎవరూ నవ్వినట్టు దాఖలా లేదు.

చిట్గుప్ప వరుడు ఫోను మాట్లాడుతూ నడిచి ఫెయిలయ్యాడు. ఇంకొకడు చెప్పులు విడవడానికి వంగి, చావి ఆగేదాకా లేవలేదు. ఇప్పుడు హుల్సూరు నుంచి, ట్రాక్టర్ల షోరూము గల నవనాథ్ వస్తున్నాడు. అతను నెగ్గితే దసరాలోపు ముహూర్తమని జగదేవి తండ్రి కిష్టప్ప అప్పుడే మాట ఇచ్చేశాడు. ఇంట్లో ఆ కెమెరా పట్టడం వచ్చినది జగదేవికి ఒక్కదానికే. అందువల్ల, ఆదివారాలన్నీ కోటలో సంజయ్‌తో లెన్సులు పోల్చడమనే పేరుతో గడుపుతున్న ఆ పిల్ల, తనకు అక్కరలేని వరుణ్ణి తానే ఫోకసు చేయవలసి వచ్చింది.

నవనాథ్ కోటు వేసుకుని వచ్చాడు. "నేను అరుగు ఎక్కుతనే చావి ఆగాలె. ఇంటికాడ ప్రాక్టీసు చేసిన," అన్నాడు. బీరువాలో బొట్టు లేని డబ్బా చేతికందితే జగదేవి అదే ఎక్కించింది. అతను తన బూట్లను చూసుకుంటూ, పెదవులతో అంకెలు లెక్కపెడుతూ, సరిగ్గా చావి ఆగే క్షణానికి అరుగు ఎక్కాడు.

"గిట్ల నడిచినోడు ఇంతదాక రాలె," అన్నాడు కిష్టప్ప, కళ్ళు తుడుచుకుంటూ.

రీలు ముంబైకి వెళ్ళిపోయింది. ఆ మరునాడు జగదేవి బీరువా సర్దుతుంటే, సీలు తీయని కొత్త రీలు డబ్బా బయటపడింది. నవనాథ్ నడిచింది కోటలో నిండిన రీలు మీదేనని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ తరవాత డబ్బాను చీరల కిందకు తోసి, బీరువా తలుపు నెమ్మదిగా మూసింది.

ఆదివారం సంజయ్‌కు చెప్పింది.

"అంటే నేను ఆయన కడుపులకెల్లి నడుస్తనా?"

"నడుస్తవు. కిందపడ్డది గూడ వస్తది."

"ఇంట్ల చెప్పినవా?"

"అవ్వ అడగలె."

"అడిగితె?"

"అడిగితె అబద్ధం చెప్ప."

సంజయ్ తాను తట్టుకున్న రాయిని కాలితో పక్కకు నెట్టాడు. "ముందే తెలిస్తే కొంచెం మంచిగ పడుతుంటి," అన్నాడు.

రీలు వచ్చిన రోజు దీపాలార్పి అందరూ గోడ ముందు కూర్చున్నారు; జగదేవి ప్రొజెక్టరు తిప్పింది. గేటు తెరుచుకుంది. జామచెట్టులోంచి కోటగోడ మొలిచింది. కోటు తొడిగిన నవనాథ్ అంకెలు లెక్కపెడుతూ వస్తుంటే, ఎదురుగా వేరొకడు వచ్చి, అతని పొట్టలోకి దూరి, వీపులోంచి బయటపడి, బోర్లా పడి, నవ్వుతూ లేచాడు.

"అవ్వా, దయ్యం," అన్నాడు కిష్టప్ప. కన్నతల్లిని అవ్వా అని పిలుస్తున్నట్టు కూడా అతనికి తెలియలేదు. "అయ్యగారిని పిలుస్త. శాంతి చేయాలె."

"కూసో. మళ్ళ తిప్పు జగ్గీ."

మళ్ళీ తిప్పింది. మూడోసారీ తిప్పించి, రుక్మాబాయి కళ్ళద్దాలు ఒళ్ళో పెట్టుకుంది.

"బొట్టు మరిచినవు."

"మరిచిన అవ్వా."

"ఎప్పుడు యాదికొచ్చింది?"

"ముంబైకి పంపిన తెల్లారి."

"మరి నోరు ఎందుకు ఇప్పలె?"

జగదేవి గోడనే చూసింది. "నవనాథ్ పాసైతడని భయమైంది."

"అమ్మా, నేను మాట ఇచ్చిన," అన్నాడు కిష్టప్ప.

"నువ్వు ఇచ్చినవు. నడిచింది వాడు. నా తీర్పు నువ్వింక ఇనలె." రుక్మాబాయి వేలు గోడ వైపు చాచింది. "హుల్సూరాయన బూట్లను చూసుకుంటుండు. వాటితోటే కాపురం చేస్తడు. ఇన్నేండ్లల్ల నడిచినోళ్ళందరు నేలనో, నన్నో, కెమెరానో చూసిండ్రు. ఈ పడ్డోడు కెమెరాను చూస్తలేడు. కెమెరా పట్టినదాన్ని చూస్తుండు. ఎవలు వీడు?"

సంజయ్‌ని పిలిపించారు. పదహారు సెల్లులు జేబులో వేసుకుని వచ్చాడు. చావి రుక్మాబాయే తిప్పింది. జగదేవి అరుగు మీదికి పోబోతే ఆపింది.

"నువ్వు గూడ గేటు కాడికి పో."

"పిల్లలు నడవరు గదా అవ్వా?"

"నన్ను ఒక్కదాన్ని నడిపిచ్చిండ్రు. నువ్వు ఒక్కదానివి నడుస్తలేవు."

ఇద్దరూ గేటు దగ్గర నిలబడ్డారు.

"మీ అవ్వ ఫోకస్ దూరం తప్పు పెట్టింది," అన్నాడు సంజయ్ మెల్లగా.

"మీ డబ్బాకు ఫోకస్ ఉందా అసలు?"

"ఉంది, జూమ్ గూడ—"

"నడువు ముందుగాల."

నడవలేదు. జూమ్ సంగతి తేలకముందే చావి ఆగింది. అరుగు ఇంకా అంత దూరంలోనే ఉంది.

కిష్టప్ప ఆశగా లేచాడు. "అమ్మా, వీళ్ళు గేటే దాటలె."

రుక్మాబాయి కెమెరా మూత తెరిచి, రీలును డబ్బాలో పెట్టి మూసింది. కుంకుమ భరిణె తెమ్మంది.

"అవ్వా, ఇంక రీలు చాన ఉంది," అంది జగదేవి గేటు దగ్గర నుంచి.

"ఉండనీ." ముసలి వేలు డబ్బా మీద గుండ్రంగా తిరిగింది. "దీని మీద ఇంకోణ్ణి తీసేది లేదు."